దుమ్ము, చిట్టెలుక, మా మావయ్య

"రోగనిరోధక శక్తి" అనే మాట మీద నాకో ఫిర్యాదు ఉంది. మన క్లబ్బులో పదాల మీద కొట్టుకోవడం మామూలే కాబట్టి ఇక్కడే రాస్తున్నాను. ఆ మాటకి తోకలా తగిలించిన "శక్తి" దగ్గరే అసలు పేచీ. శక్తి అనగానే మనకి ఫోన్ బ్యాటరీ గుర్తొస్తుంది. ఇరవై శాతం ఉంటే భయం, వంద ఉంటే నిశ్చింత. కోవిడ్ రోజుల్లో ఇంటింటా మిరియాలు, అల్లం, పసుపు మరిగించి తాగింది ఈ లెక్కతోనే. ఇప్పటికీ మెడికల్ షాపు కౌంటర్ మీద, యాడ్లలో, వాట్సాప్ ఫార్వర్డుల్లో అదే పాట: పెంచుకో, ఇంకా పెంచుకో. పాఠ్యపుస్తకాల్లో "రోగనిరోధక వ్యవస్థ" అనే మాట ఉంది. కానీ ఇంట్లో ఎవరి నోటా అది వినపడదు.

నన్నడిగితే దీన్ని ఫ్యాక్టరీలో అలారం వైరింగుతో పోల్చాలి. ఎంత గట్టిగా మోగితే అంత మంచి అలారం అని ఎవరూ అనరు కదా. దేనికి మోగుతుంది, ఎప్పుడు ఆగుతుంది అన్నవి చూస్తాం. ఈ సంగతి నాకు ఎక్కింది ఒక జీన్ గురించి చదివాక. దాని పేరు ఎన్‌ఎల్‌ఆర్‌పీ3. మా అక్క ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ పుస్తకాల్లో దొరికింది. మెకానికల్ వాడికి ఇదంతా ఎందుకు అంటారా? వస్తున్నా, యారాడ మీదుగా వస్తా.

ముందు ఒక పేరు చెప్పాలి. ఈ జీన్ గురించి వెతికితే పదేపదే ఎదురయ్యే పేరు తిరుమలాదేవి కన్నెగంటి. కొత్తగూడెంలో పుట్టి పెరిగారు. డిగ్రీ అక్కడి సింగరేణి కాలరీస్ మహిళా కళాశాలలో. కెమిస్ట్రీ, జువాలజీ, బోటనీ, మన చుట్టాలమ్మాయిలు చదివే గ్రూపే. తరవాత ఉస్మానియాలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ. మొదట్లో ఆవిడ పని ఎలుకల మీద కాదు, బూజు విషాల మీద. మన దేశంలో మిరియాలు, ధనియాలు, అల్లం, పసుపుల్లో ఓక్రాటాక్సిన్ అనే బూజు విషం ఉండటం గురించి 2001లో వచ్చిన పరిశోధన పత్రంలో మొదటి పేరు ఆవిడదే. మన కషాయం సరుకులన్నీ ఆ లిస్టులో ఉన్నాయని చూసి మా అమ్మకి చదివి వినిపించాను. ఆవిడకి నచ్చలేదు. తరవాత అమెరికా వెళ్లి, 2007 నుంచి మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ పిల్లల పరిశోధనాసుపత్రిలో సొంత ల్యాబ్ నడుపుతున్నారు. బొగ్గు ఊరి నుంచి వచ్చిన మనిషి పని, దుమ్ము తిని బతికే మా ఊరి వాళ్ల ఊపిరితిత్తుల దాకా రావడం యాదృచ్ఛికమే కావచ్చు. నాకు మాత్రం బాగా నచ్చింది.

ఇంతకీ ఈ జీన్ ఏం చేస్తుంది? 2001లో హాల్ హాఫ్‌మన్ బృందం ఒక వింత జబ్బు కారణం వెతుకుతూ దీన్ని పట్టుకుంది. కొన్ని కుటుంబాల్లో చల్లగాలి తగిలితే చాలు, జ్వరం, దద్దుర్లు, కీళ్లనొప్పులు. ఏ క్రిమీ లేదు. జీన్‌లో చిన్న మార్పు వల్ల అలారం ఊరికే మోగుతోంది. ఆ మరుసటి ఏడాది స్విట్జర్లాండ్‌లో యూర్గ్ చాప్ బృందం, ఇలాంటి ప్రోటీన్లు కణం లోపల ఒకచోట చేరి కట్టుకునే యంత్రానికి "ఇన్‌ఫ్లమజోమ్" అని పేరు పెట్టింది. ఇన్‌ఫ్లమేషన్‌కి మన పుస్తకాల్లో "శోథ" అని ఉంటుంది. ఇంట్లో అయితే వాపు, మంట, ఎరుపు, నొప్పి. యంత్రం అన్నది పోలిక కోసం కాదు, నిజంగానే అసెంబ్లీ. ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 సెన్సరు. దానికి ఏఎస్‌సీ అనే కనెక్టరు తగులుకుంటుంది. చివర కాస్పేజ్-1 అనే కత్తెర. అది ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే కబురు ప్రోటీన్‌ని కోసి పనికొచ్చేలా చేస్తుంది. గ్యాస్‌డెర్మిన్ డి అనే ఇంకో ప్రోటీన్‌ని కూడా కోస్తుంది. ఆ ముక్కలు కణం గోడకి చిల్లులు పెడతాయి. కణం చస్తుంది, కబురు బయటికి పోతుంది.

మనకి ఆసక్తి కలిగించే విషయం ఇంకోటుంది. ఈ సెన్సరు ఫలానా క్రిమి అని గుర్తుపట్టదు. కణం లోపల ఏదో చెడిందని గుర్తుపడుతుంది. ముఖ్యంగా కణంలోంచి పొటాషియం బయటికి కారిపోతే లేస్తుంది. 2006లో ఒకేసారి నేచర్ పత్రికలో మూడు బృందాలు దీని గురించి రాశాయి. ఒకరు బాక్టీరియా ఆర్‌ఎన్‌ఏకి లేస్తుందన్నారు (అందులో మొదటి పేరు కన్నెగంటి గారిది), ఒకరు బాక్టీరియా విషాలకీ, ఏటీపీకీ అన్నారు, చాప్ వాళ్లు గౌట్ రోగుల కీళ్లలో పేరుకునే యూరిక్ ఆమ్లం స్ఫటికాలకి అన్నారు. ఇన్ని రకాలకి ఒకే సెన్సరు! స్ఫటికం అన్న మాట దగ్గర కాస్త ఆగండి.

వీళ్లందరూ ఇంత ధీమాగా ఎలా చెప్పగలిగారంటే చిట్టెలుకల వల్ల. ఒక జీన్ పాత్ర ఏమిటో తెలియాలంటే దాన్ని తీసేసి చూడటమే తేలికైన దారి. బ్రెడ్‌బోర్డ్ మీద ఒక ఐసీ పీకి ఏ ఎల్‌ఈడీ ఆరిందో చూసినట్టు. పిండ మూలకణాల్లో జీన్‌ని చెడగొట్టి, ఆ కణాల నుంచి ఎలుకని పుట్టించే పద్ధతికి 2007లో కాపెకి, ఎవాన్స్, స్మితీస్‌లకి నోబెల్ వచ్చింది. ఆ జీన్ లేని ఎలుకనీ, ఉన్న ఎలుకనీ పక్కపక్కన పెట్టి ఒకే దెబ్బ వేస్తారు. తేడా వస్తే ఆ తేడా జీన్‌ది.

ఇప్పుడు యారాడ. మీలో చాలామందికి మా ఊరంటే బీచ్, కొండ మీంచి సెల్ఫీ. కొండకి ఇటు పక్క సముద్రం, కొబ్బరిచెట్లు, వలలు. అటు పక్క డాల్ఫిన్ నోస్ కింద పోర్టు, షిప్‌యార్డు, రిఫైనరీ, ఇంకాస్త దక్షిణంగా గంగవరం పోర్టు, ఉక్కు ఫ్యాక్టరీ. 1933లో పోర్టు మొదలైంది లగాయతు ఇటు పక్క వాళ్లు అటు పక్కకి పనికి పోతూనే ఉన్నారు. మా మావయ్యా అలాగే వెళ్లాడు. పదకొండేళ్లు ఒక చిన్న కాంట్రాక్టరు కింద ఇసుక బ్లాస్టింగు. గొట్టంలోంచి గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి ఇనప ప్లేట్ల మీద తుప్పూ పాత పెయింటూ లేపే పని. మూతికి తువ్వాలు. అదే రక్షణ.

నలభై ఆరేళ్లకి దగ్గు పట్టుకుంది. ఒక ఆసుపత్రిలో టీబీ అని ఆరు నెలలు మందులు వాడించారు. తగ్గలేదు. టీబీ అని అనుమానించడం తప్పని నేననను. సిలికా పీల్చినవాళ్లకి టీబీ వచ్చే అవకాశం నిజంగానే ఎక్కువ. కానీ ఆ ఆరు నెలల్లో "నువ్వేం పని చేస్తావు" అని ఒక్కరూ అడగలేదట. రెండోచోట ఒక డాక్టరమ్మ అడిగింది. అప్పుడు బయటపడింది, సిలికోసిస్ అని. ఇప్పుడాయన యారాడ కొండ రోడ్డు మీద నాలుగు అడుగులు వేసి ఆగుతాడు. "ఒరే అల్లుడూ, దుమ్ము తిన్నాం గదరా, దమ్ము పోనాది" అని నవ్వుతాడు. ఆ నవ్వు కూడా సగంలో దగ్గయిపోతుంది.

ఆ ఊపిరితిత్తిలో ఏం జరిగిందో చిట్టెలుకలు చెప్పాయి. గాలి తిత్తుల్లో మాక్రోఫేజ్‌లనే కాపలా కణాలుంటాయి. దుమ్ము కనపడితే మింగేస్తాయి. మామూలు చెత్తయితే లోపలున్న లైసోజోమ్ సంచిలో అరిగిపోతుంది. ఇసుక స్ఫటికం అరగదు. పైగా సంచిని చింపేస్తుంది. లోపలి ఎంజైములు ఒలికిపోతాయి, పొటాషియం కారిపోతుంది, ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 లేస్తుంది. కణం చచ్చి స్ఫటికం మళ్లీ బయటపడుతుంది. ఇంకో కాపలా కణం వచ్చి మింగుతుంది. అదీ చస్తుంది. పని మానేసినా ఇది ఆగదు, ఎందుకంటే రాయి లోపలే ఉంది. ఏళ్ల తరబడి ఈ గాయం మానీ మానకా, మెత్తటి తిత్తి కాస్తా మచ్చకట్టిన చర్మంలా గట్టిపడుతుంది. 2008లో సిలికా మీదా ఆస్బెస్టాస్ మీదా వేర్వేరు బృందాలు చేసిన ప్రయోగాల్లో, ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 లేని ఎలుకలకి అదే దుమ్ము పీల్పిస్తే శోథ బాగా తక్కువగా వచ్చింది. రాయి అదే, ఊపిరితిత్తి అదే, అలారం లేదు. అంటే నష్టంలో పెద్ద వాటా రాయిది కాదు, దానికి మన ఒళ్లు ఇచ్చే జవాబుది.

మా మావయ్య రోగనిరోధక "శక్తి" తక్కువై జబ్బు పడలేదు. ఆయన కాపలా కణాలు వాటి పని అవి శ్రద్ధగా చేశాయి. ఇలాంటి మనిషికి ఇమ్యూనిటీ పెంచే పొడి అమ్మడం కంటే వెటకారం ఇంకేముంటుంది? (ఒకాయన అమ్మాడు కూడా. డబ్బా ఖరీదు మావయ్య మూడు రోజుల కూలి.)

సరే, అయితే ఆ జీన్ పీకేస్తే పోలా? ఈ ప్రశ్న నేను కూడా మా అక్కని అడిగాను. జవాబు 2009లోనే వచ్చింది. ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 లేని చిట్టెలుకలకి ఇన్‌ఫ్లుయెంజా వైరస్ ఎక్కిస్తే, మామూలు ఎలుకల కంటే ఎక్కువగా చచ్చిపోయాయి. ఆ పని చేసిన బృందాల్లో కన్నెగంటి గారి ల్యాబూ ఉంది. మరుసటేడాది అదే ల్యాబు నుంచి ఇంకోటి: ఆ జీన్ లేకపోతే పేగు గోడ దెబ్బతిన్నప్పుడు పెద్దపేగు వాపు ఇంకా ముదురుతుందని. ఇసుక దగ్గర శత్రువైన జీనే ఫ్లూ దగ్గర ప్రాణదాత. వైరింగు అన్నది అందుకే. సైరన్ చెవులు పగలగొడుతోందని వైరు కత్తిరిస్తే నిజంగా మంటలొచ్చిన రోజున తెలియదు.

రెండో వైపు కూడా ఆవిడ ల్యాబే చూపించింది. కోవిడ్ సమయంలో చేసిన పని, 2021లో సెల్ పత్రికలో అచ్చయింది. టీఎన్‌ఎఫ్, ఇంటర్ఫెరాన్ గామా అనే రెండు కబురు ప్రోటీన్లు కలిసి మితిమీరితే కణాలు వరసగా చచ్చి, ఎలుకలే చచ్చిపోతాయి. వైరస్ సోకిన ఎలుకల్లో ఆ రెండింటినీ యాంటీబాడీలతో అడ్డుకుంటే చావులు తగ్గాయి. మనం మాత్రం అదే రోజుల్లో "పెంచుకో" అని కషాయం కాస్తున్నాం.

మనుషుల్లోనూ ఈ ఇచ్చిపుచ్చుకోవడం కనిపిస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-1 బీటాని అడ్డుకునే కనకినుమాబ్ అనే మందుని పదివేల మందికి పైగా గుండె రోగుల మీద పరీక్షించి 2017లో ఫలితాలు చెప్పారు. గుండెపోట్లు తగ్గాయి. ప్రాణం తీసే ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. ఎన్‌ఎల్‌ఆర్‌పీ3నే నేరుగా ఆపే ఎంసీసీ950 అనే అణువు ఎలుకల్లో అద్భుతంగా పనిచేసింది. మనుషుల దగ్గరికి వచ్చేసరికి కాలేయం మీద ప్రభావం కనబడి ఆగింది. ఇంకా మంచివి వస్తాయేమో, రావాలి కూడా.

"ఎలుకలో జరిగితే మనిషిలో జరగాలని ఏముంది" అని మా రూమ్మేటు వాదన. తీసిపారేయాల్సిన వాదన కాదు. టీఎల్‌ఆర్4 అనే ఇంకో సెన్సరు జీన్ కథ చూడండి. బాక్టీరియా విషం ఎంత ఎక్కించినా చలించని ఒక ఎలుక జాతిలో ఆ జీన్ చెడిపోయి ఉందని 1998లో బ్రూస్ బాయిట్లర్ బృందం కనిపెట్టింది. 2011లో నోబెల్ వచ్చింది. దాన్ని అడ్డుకునే మందు సెప్సిస్ రోగులని కాపాడుతుందని అందరూ ఆశపడ్డారు. దాదాపు రెండువేల మంది మీద పరీక్షించాక, 2013లో తేలింది, ఉపయోగం లేదని. ల్యాబు ఎలుక శుభ్రమైన పంజరంలో, ఒకే తిండి తింటూ, అచ్చు తనలాంటి తోబుట్టువులతో రెండేళ్లు బతుకుతుంది. మా మావయ్య అలా బతకలేదు. కాబట్టి మందు పనిచేస్తుందా అన్న ప్రశ్నకి ఎలుక మాట ఆఖరి మాట కాదు. కానీ స్ఫటికం కాపలా కణాన్ని ఎలా చంపుతుంది అన్న ప్రశ్నకి, మనిషి కణాల మీద ల్యాబులో చేసిన ప్రయోగాలూ అదే చెప్పాయి. రూమ్మేటుకి ఇంతవరకూ ఒప్పించాను, మిగతాది మెస్సులో చూసుకుంటాం.

నా వాదన ఇది. ఎలుకలోంచి జీన్ తీయగలిగారు. మనిషిలోంచి తీయలేం, తీయకూడదు కూడా. మిగిలింది దుమ్ము. దాన్ని తీయడం డాక్టర్ల పని కాదు. మన పని. అందుకే మెకానికల్ వాడు ఈ వ్యాసం రాస్తున్నాడు.

కంటికి కనపడే దుమ్ము గురించి మనం గోల చేస్తాం. బాల్కనీలో నల్లటి పొర, ఆరేసిన బట్టల మీద మసి. తప్పకుండా చేయాల్సిన గోలే. కానీ తిత్తుల చివరిదాకా పోయేది సుమారు ఐదు మైక్రాన్ల లోపు కణం. మన జుట్టు వెంట్రుక డెబ్బై మైక్రాన్లుంటుంది. అంటే చంపేది కనపడదు, తువ్వాలు ఆపదు. అమెరికాలో 2016లో పనిచోట పీల్చే గాలిలో స్ఫటిక సిలికా హద్దుని ఘనపు మీటరుకి 50 మైక్రోగ్రాములకి తగ్గించారు. ఎనిమిది గంటల పనిలో మనిషి సుమారు పది ఘనపు మీటర్లు పీలుస్తాడనుకోండి. అర మిల్లీగ్రాము. రోజుకి అంతకి మించి వద్దని! చిటికెడు కూడా కాదు. మన 1948 ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూలులో ఒక సూత్రం ఇచ్చారు: పదిని, క్వార్ట్జ్ శాతానికి రెండు కలిపి భాగిస్తే వచ్చేది ఘనపు మీటరుకి మిల్లీగ్రాముల్లో హద్దు. దుమ్మంతా క్వార్ట్జే అయితే 98 మైక్రోగ్రాములు వస్తుంది. అమెరికా హద్దుకి దాదాపు రెట్టింపు. పోనీ, అది పాటించినా మా మావయ్య ఇలా ఉండేవాడు కాదేమో. గొట్టం దగ్గర ఎవరైనా కొలిస్తే కదా పాటించారో లేదో తెలిసేది.

ఇసుక బ్లాస్టింగులో ఇంకో దుర్మార్గం ఉంది. దెబ్బకి గింజ పగిలి కొత్త అంచులు వస్తాయి. అప్పుడే పగిలిన సిలికా పాతదానికన్నా ఎక్కువ హాని చేస్తుంది. బ్రిటన్ ఫ్యాక్టరీల్లో బ్లాస్టింగుకి ఇసుక వాడొద్దని 1949లోనే నిబంధన తెచ్చారు. బదులుగా స్టీల్ గ్రిట్, రాగి స్లాగు, గార్నెట్ వాడొచ్చు. గార్నెట్ అంటే ఎక్కడిదో అనుకోకండి, మన విశాఖ-భీమిలి తీరం ఇసుకలోనే ఉంటుంది. నీళ్లు కలిపి తడిగా కొట్టే పద్ధతి ఉంది. గాలి సరఫరా ఉన్న హెల్మెట్ ఉంది. ఇవన్నీ తెలిసిన సంగతులే. సేఫ్టీ పేపర్లో "హైరార్కీ ఆఫ్ కంట్రోల్స్" అని పిరమిడ్ గీసి ఐదు మార్కులు తెచ్చుకున్నాం కదా. ప్రమాదాన్ని తీసేయడం పైన, మాస్కు అట్టడుగున. బయట ఆ పిరమిడ్ తలకిందులుగా నడుస్తోంది: మాస్కు ఒకటి ఇచ్చి, సంతకం తీసుకుని, పని కానిచ్చేయడం. ఇసుక చవక, కూలీ అంతకన్నా చవక. నా కోపం దీని మీదే.

చట్టంలో సిలికోసిస్ లేకపోలేదు. అదే 1948 చట్టం మూడో షెడ్యూలులో, డాక్టరు కనిపెడితే తప్పక తెలియజేయాల్సిన జబ్బుల్లో అది ఉండేది, ఆస్బెస్టోసిస్ కూడా ఉండేది. 1995లో ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు, ఒక్కో కార్మికుడి ఆరోగ్య రికార్డు పనిలో చేరిన దగ్గర్నుంచి నలభై ఏళ్లో, పని మానేశాక పదిహేనేళ్లో, ఏది ఎక్కువైతే అంతకాలం దాచాలని చెప్పింది. ఈ జబ్బు నిదానంగా వస్తుంది కాబట్టి. మావయ్య దగ్గర పదకొండేళ్ల పనికి రుజువుగా ఒక గేట్ పాసు ఉంది. దాని మీద ఫొటో వెలిసిపోయింది.

ఆస్బెస్టాస్ అన్నాను కదా, సిమెంటు రేకుల సంగతీ ఒక్క ముక్క. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌కి మా వీధి రేకులన్నీ ముక్కలై ఎగిరాయి. పిల్లలం ఆ ముక్కలతో గచ్చు మీద గీతలు గీసి తొక్కుడుబిళ్ల ఆడాం. రేకు ఇంటి మీద కదలకుండా ఉంటే పెద్ద భయం లేదు. గ్రైండర్ పెట్టి కోసినా, పొడి చీపురుతో ముక్కలు ఊడ్చినా నూగు లేస్తుంది. ఇంట్లో రేకు మార్చే పని పడితే ముందు నీళ్లు చల్లమనండి, పిల్లల్ని దూరంగా పంపమనండి.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి మేం ముగ్గురం ఒకటి అనుకుంటున్నాం: చిన్న వర్క్‌షాపులు కొనగలిగే ధరలో, మామూలు బ్లాస్టింగు గొట్టానికి తగిలించే నీటి నాజిల్. దాంతోపాటు దుమ్ము కొలిచే పెట్టె. కొలత దగ్గరే చిక్కొచ్చింది. చవక సెన్సర్లు కాంతి చెదరడాన్ని బట్టి లెక్కేస్తాయి. వాటికి క్వార్ట్జూ సముద్రపు ఉప్పూ ఒకటే, పైగా మన గాలిలో తేమకి అంకెలు ఉబ్బిపోతాయి. అసలు క్వార్ట్జ్ ఎంతో తెలియాలంటే ఫిల్టరు మీద దుమ్ము పట్టి ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌కి పంపాలి. ఆ మెషీను ఎవరి ల్యాబులో ఖాళీ ఉంటుందో కనుక్కుంటున్నాం. తేమ కరెక్షన్ రాయగలిగిన ఈసీఈ మనిషి ఒకరు కావాలి. సింధియా వైపు బస్సెక్కేవాళ్లయితే మరీ మంచిది, టెస్టింగు ఆదివారాలు మా ఊళ్లోనే. గొట్టం ఎలా పట్టుకోవాలో మావయ్య కూర్చుని చెప్తానన్నాడు.